సైక్లోహెక్సనాల్ నుంచి సైక్లోహెక్సీన్: ఆల్కీన్‌ను తయారు చేయడం, శుద్ధి చేయడం, చర్యలు జరపడం

ఆల్కీన్, అంటే కార్బన్ల మధ్య ద్విబంధం ఉన్న అణువు, తయారు చేయడమంటే పక్కపక్కనే ఉన్న రెండు కార్బన్ల నుంచి చెరొక ముక్క ఊడగొట్టడం. ఆల్కహాల్‌తో మొదలుపెడితే నీరు పోతుంది, ఆల్కైల్ హాలైడ్‌తో మొదలుపెడితే హైడ్రోజన్ హాలైడ్ పోతుంది. పరీక్ష పేపర్లో ఒక బాణం గీస్తే సరిపోతుంది. ఫ్లాస్కులో మాత్రం ఊడిన నీరు అక్కడే ఉంటే, అదే ఆమ్లం సాయంతో మళ్లీ ద్విబంధానికి అతుక్కుంటుంది. నిర్జలీకరణం, జలసంయోజనం రెండూ ఒకే ద్విగత చర్య. అది ఎటు నడవాలో నిర్ణయించేది మనం ఏది బయటికి తీస్తాం, ఏది లోపల ఉంచుతాం అన్నదే. కింది పద్ధతిలో ప్రతి అడుగూ ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

మొదటిసారి చేసేవాళ్లకు సైక్లోహెక్సనాల్‌ను మించింది లేదు. వలయం సౌష్ఠవంగా ఉంటుంది కాబట్టి ఏ పక్క హైడ్రోజన్ పోయినా వచ్చేది ఒకే ఆల్కీన్. ఆల్కహాల్ 161 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, ఆల్కీన్ 83 దగ్గర. అంత తేడా ఉంది కాబట్టి తయారైనది తయారైనట్టే ఆవిరై బయటికి వచ్చేస్తుంది.

కావలసినవి

సైక్లోహెక్సనాల్ 20 గ్రాములు, అంటే సుమారు 21 మి.లీ. కొలజాడీతో కాకుండా తూకం వేసి తీసుకోండి. అది జిగట ద్రవం, జాడీ గోడలకు అంటుకుపోయింది ఫ్లాస్కులోకి రాదు, లెక్కలో మాత్రం ఉండిపోతుంది. ఫ్లాస్కునే తూకం మీద పెట్టి నేరుగా పోస్తే ఆ బెడద లేదు. దీని ద్రవీభవన స్థానం 25 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. చలికాలం పొద్దున సీసాలో గడ్డకట్టి కనిపిస్తే పాడైందనుకోకండి. సీసా మూత కాస్త వదులు చేసి గోరువెచ్చని నీళ్లలో కాసేపు నిలబెడితే కరుగుతుంది.

85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం 5 మి.లీ. సంతృప్త ఉప్పు ద్రావణం, 5 శాతం సోడియం కార్బొనేట్ ద్రావణం, అనార్ద్ర కాల్షియం క్లోరైడ్, నాలుగైదు బాయిలింగ్ చిప్స్. పింగాణీ ముక్కలైనా పనికొస్తాయి.

పరికరాల్లో 100 మి.లీ. ఆర్‌బీ (గుండ్రటి అడుగున్న) ఫ్లాస్కు, దాని మీద చిన్న ఫ్రాక్షనేటింగ్ కాలమ్, థర్మామీటర్, లీబిగ్ కండెన్సర్, ఐస్‌లో ముంచిన రిసీవర్. వేడికి హీటింగ్ మాంటిల్ గానీ ఆయిల్ బాత్ గానీ వాడాలి. బున్సెన్ బర్నర్ వద్దు. సైక్లోహెక్సీన్ ఫ్లాష్ పాయింట్ సున్నా డిగ్రీల కన్నా కిందే ఉంటుంది, దాని ఆవిరి గాలి కన్నా బరువు, బల్ల మీదుగా పాకి పక్కవాళ్ల మంట దాకా పోగలదు. పని మొత్తం ఫ్యూమ్ హుడ్‌లోనే జరగాలి. వాసన కూడా ఘాటుగా, తలనొప్పి తెప్పించేలా ఉంటుంది.

సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కూడా చర్య జరుగుతుంది, ఇంకా తొందరగా జరుగుతుంది. అయినా వద్దనడానికి కారణం ఉంది. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం నిర్జలీకరణంతో ఆగదు, ఆల్కహాల్‌ను ఆక్సీకరిస్తుంది, మసి చేస్తుంది, సల్ఫర్ డైఆక్సైడ్ వదులుతుంది, పుట్టిన ఆల్కీన్‌ను పాలిమర్‌గా మార్చి ఫ్లాస్కు అడుగున తారులా మిగులుస్తుంది. ఆ తారు కడగడానికి పట్టే సమయంలో ఫాస్ఫారిక్ ఆమ్లంతో ఇంకో బ్యాచ్ అయిపోతుంది.

స్వేదనం

ఫ్లాస్కులో ఆల్కహాల్ తీసుకుని, తిప్పుతూ ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పోయండి. రెండు పొరలుగా నిలిచిపోకుండా బాగా కలవాలి. కలపకుండా వేడి పెడితే అడుగున ఉన్న ఆమ్లం ఒక్కచోటే కాగి రంగు మారిపోతుంది. చిప్స్ వేయండి. మరుగుతున్న ద్రవంలో చిప్స్ వేయడం మరిచిపోయామని గుర్తొస్తే అప్పటికప్పుడు వేయకండి, పొంగి పైకి తన్నుతుంది. మాంటిల్ దించి, చల్లారాక వేయండి.

థర్మామీటర్ బల్బు పైఅంచు, పక్క గొట్టం కింది అంచుతో సమానంగా ఉండాలి. బల్బు పైకి ఉంటే ఆవిరి దాన్ని పూర్తిగా తడపదు, ఉన్న ఉష్ణోగ్రత కన్నా తక్కువ చూపిస్తుంది. మీరు 80 అనుకుంటుంటే అసలు 95 దాటిపోయి ఉంటుంది. ప్రాక్టికల్ రికార్డుల్లో అనుమానం రేపే మరిగే స్థానాలు చాలావరకు ఇక్కడ పుట్టినవే.

మన దగ్గర వేసవిలో ఇంకో చిక్కుంది. మేడమీద ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి కాగిపోతాయి, కండెన్సర్‌లో ఆ నీళ్లు పారిస్తే 83 డిగ్రీల దగ్గర మరిగే ద్రవం సగం గాల్లో కలుస్తుంది. ఒక బకెట్‌లో నీళ్లు, ఐస్ వేసి, ఎయిర్ కూలర్లో వాడే చిన్న పంపు అందులో ముంచి, ఆ నీళ్లనే తిప్పించండి. నీళ్లూ ఆదా, దిగుబడీ నిలుస్తుంది.

వేడి మెల్లగా పెంచండి. ఆవిరి కాలమ్ ఎక్కడానికి పది పదిహేను నిమిషాలు పట్టవచ్చు, తొందరపడొద్దు. చుక్కలు మొదలయ్యాక రెండు మూడు సెకన్లకు ఒక చుక్క చొప్పున పడేలా చూసుకోండి. థర్మామీటర్ 70 దాటి కాసేపు అక్కడక్కడే ఆడుతుంది. 83 రావాలి కదా, 71 దగ్గరే ఎందుకు వస్తోందని కంగారు పడొద్దు. సైక్లోహెక్సీన్, నీరు కలిసి 70.8 డిగ్రీల దగ్గర స్థిరక్వథన మిశ్రమంగా, అంటే మారని నిష్పత్తిలో ఒకే ఉష్ణోగ్రత దగ్గర, మరుగుతాయి. అందులో ఆల్కీన్ 90 శాతం, నీరు 10 శాతం.

ఇక్కడ చిన్న లెక్క వేసి చూస్తే థర్మామీటర్ ప్రవర్తన అర్థమవుతుంది. 20 గ్రాముల సైక్లోహెక్సనాల్ అంటే 0.2 మోల్. పూర్తిగా మారితే 16.4 గ్రాముల సైక్లోహెక్సీన్, 3.6 గ్రాముల నీరు వస్తాయి. 16.4 గ్రాముల ఆల్కీన్ తన వెంట తీసుకుపోగలిగే నీరు సుమారు 1.8 గ్రాములే. మిగతా నీరు ఫ్లాస్కులో ఆమ్లంతో ఉండిపోతుంది, చివర్లో ఆల్కీన్ తగ్గేకొద్దీ అది పైకి రావడం మొదలుపెడుతుంది, ఉష్ణోగ్రత ఎక్కుతుంది. ఆ నీరు ఒంటరిగా రాదు. సైక్లోహెక్సనాల్‌తో జతకట్టి 97.8 డిగ్రీల దగ్గర ఇంకో స్థిరక్వథన మిశ్రమంగా వస్తుంది. అందుకే థర్మామీటర్ 90 దాటనివ్వకూడదు. దాటిందంటే మారని ఆల్కహాల్ మీ రిసీవర్‌లోకి వచ్చేస్తున్నట్టే. వేడి ఎక్కువ పెట్టి పావుగంటలో పని ముగించాలనుకునేవాళ్లకు జరిగేది ఇదే: ఘనపరిమాణం బాగానే వస్తుంది, అందులో సగం ఆల్కహాల్.

ఫ్లాస్కులో 5 నుంచి 8 మి.లీ. మిగిలి, తెల్లటి పొగ కనిపించగానే వేడి ఆపేయండి. ఎండిపోయేదాకా మరిగించకూడదు.

కాలమ్ గోడలకు, మలుపులకు తడిగా అంటుకుని ఒకటి రెండు గ్రాముల ఆల్కీన్ ఉండిపోతుంది. 20 గ్రాములతో మొదలుపెట్టినవాళ్లకు అది చిన్న నష్టం కాదు. దాన్ని రాబట్టాలంటే ఫ్లాస్కు చల్లారాక 10 మి.లీ. టోలీన్ పోసి మళ్లీ స్వేదనం చేయండి. టోలీన్ 110.6 డిగ్రీల దగ్గర మరుగుతుంది, దాని ఆవిరి కాలమ్ ఎక్కుతూ ముందున్న ఆల్కీన్‌ను బయటికి నెడుతుంది. సగం టోలీన్ వచ్చేదాకా ఉంచి ఆపండి. చివరి స్వేదనంలో అది వెనక ఉండిపోతుంది. అయితే చివరి స్వేదనానికి కూడా కాలమ్ పెట్టాలి, లేకపోతే టోలీన్ కొంత సైక్లోహెక్సీన్ వెంటే వచ్చేస్తుంది. కాలమ్ లేనివాళ్లు ఈ అడుగు వదిలేయడమే మేలు.

కడగడం, ఆరబెట్టడం

రిసీవర్‌లో రెండు పొరలు కనిపిస్తాయి. సైక్లోహెక్సీన్ సాంద్రత 0.81, కాబట్టి పై పొర అదే. అనుమానముంటే ఒక చుక్క నీళ్లు వేసి చూడండి, ఏ పొరలో కలిసిపోతే అది నీటి పొర. ఏది ఏదో తేలేదాకా దేన్నీ పారబోయొద్దు.

మొత్తాన్ని సెపరేటింగ్ ఫన్నెల్‌లోకి మార్చి, 10 మి.లీ. సంతృప్త ఉప్పు ద్రావణంతో ఒకసారి కడగండి. ఉప్పు వల్ల నీటిలో సైక్లోహెక్సీన్ కరగడం తగ్గుతుంది, పొరల మధ్య నురగలాంటి ఎమల్షన్ విరుగుతుంది. తర్వాత 5 మి.లీ. సోడియం కార్బొనేట్ ద్రావణంతో కడగండి. ఆవిరితో పాటు వచ్చిన కొద్దిపాటి ఆమ్లం ఇక్కడ తటస్థమవుతుంది, కార్బన్ డైఆక్సైడ్ పుడుతుంది. మొదట మూత పెట్టకుండా తిప్పండి, బుడగలు తగ్గాక మూత పెట్టి, తలకిందులు చేసి, స్టాప్‌కాక్ తెరిచి గాలి వదలండి. గాలి వదలకుండా ఊపితే మూత ఎగిరి సగం సరుకు హుడ్ గోడ మీద పడుతుంది. ఆమ్లం మిగిలితే మాత్రం చివరి స్వేదనంలో అదే ఉత్ప్రేరకమై ఆల్కీన్‌ను పాలిమర్ వైపు నడుపుతుంది. నీటి పొరను లిట్మస్‌తో చూసి క్షారంగా ఉందని తేల్చుకున్నాకే ముందుకు వెళ్లండి.

కింది పొరను స్టాప్‌కాక్ నుంచి వదిలేయండి. పై పొరను ఫన్నెల్ పై మూతి నుంచి పొడి కోనికల్ ఫ్లాస్కులోకి పోయండి. కింది గొట్టం నీళ్లతో తడిసి ఉంటుంది, దానిలోంచి వదిలితే ఇంతసేపు తీసిన నీటినే మళ్లీ కలిపినట్టు.

ఒకటిన్నర నుంచి రెండు గ్రాముల అనార్ద్ర కాల్షియం క్లోరైడ్ వేసి, మధ్యమధ్యలో తిప్పుతూ 15 నుంచి 20 నిమిషాలు ఉంచండి. మెగ్నీషియం సల్ఫేట్ ఇంకా వేగంగా ఆరబెడుతుంది, అయినా ఇక్కడ కాల్షియం క్లోరైడే సరైనది, ఎందుకంటే అది ఆల్కహాల్‌తో కూడా సంయోగం చెంది మిగిలిపోయిన సైక్లోహెక్సనాల్‌ను పట్టేసుకుంటుంది. పనైనట్టు తెలిసేది రెండు గుర్తులతో: మబ్బుగా ఉన్న ద్రవం తేటగా మారుతుంది, కొత్తగా వేసిన గుళికలు ముద్దకాకుండా విడివిడిగా తిరుగుతాయి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంత ఊళ్లలో మూత వదులైన కాల్షియం క్లోరైడ్ సీసా కొన్నాళ్లకే చెమ్మగిల్లి ముద్దవుతుంది. దాన్ని అలాగే వాడితే ఆరబెట్టినట్టు కాదు. చైనా డిష్‌లో గట్టిగా వేడి చేసి, డెసికేటర్‌లో చల్లార్చి వాడండి. ఆల్కీన్ సీసాలన్నీ మూసి పక్కకు తీశాకే ఆ వేడి చేయడం.

తేట ద్రవాన్ని దూది ద్వారా వడకట్టి పొడి ఫ్లాస్కులోకి పోసి మళ్లీ స్వేదనం చేయండి. 81 నుంచి 84 డిగ్రీల మధ్య వచ్చేదే మన సరుకు. 70 నుంచి 80 మధ్య చాలా చుక్కలు పడితే నీరు ఇంకా ఉన్నట్టు. వాటిని పారబోయకుండా, మళ్లీ ఆరబెట్టి మళ్లీ స్వేదనం చేయాలి. రిసీవర్‌లోని ద్రవం పాలలా మసకగా ఉంటే కండెన్సర్ లోపల తడి ఉందని అర్థం.

12 గ్రాములు వస్తే 73 శాతం దిగుబడి, మంచి ఫలితమే. 16 గ్రాములు వచ్చిందంటే చేతివాటం గొప్పదనుకునే ముందు ఆల్కహాల్ ఉందేమో చూడండి. ఐఆర్ (పరారుణ) వర్ణపటంలో 3300 cm⁻¹ చుట్టుపక్కల వెడల్పాటి పట్టీ కనిపిస్తే ఆల్కహాల్ ఉన్నట్టే. ఉండాల్సింది 3020 దగ్గర ద్విబంధపు కార్బన్–హైడ్రోజన్ పట్టీ, 1650 దగ్గర బలహీనమైన ద్విబంధపు పట్టీ. ఎన్‌ఎంఆర్ (కేంద్రక అయస్కాంత అనునాద) వర్ణపటంలో అయితే 5.7 పీపీఎం దగ్గర రెండు ద్విబంధపు హైడ్రోజన్లు స్పష్టంగా కనిపిస్తాయి. ఐఆర్ అందుబాటులో లేని కాలేజీల్లో వక్రీభవన గుణకం చూడవచ్చు, 20 డిగ్రీల దగ్గర అది 1.446.

రంగు సీసాలో, మూత బిగించి, చల్లని చోట ఉంచండి. ద్విబంధం పక్క కార్బన్ మీది హైడ్రోజన్లు గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపి పెరాక్సైడ్లు ఇస్తాయి. పాత సీసాను స్వేదనం చేయబోయే ముందు పొటాషియం అయొడైడ్, ఎసిటిక్ ఆమ్లంతో పరీక్షించండి. గోధుమ పసుపు రంగు తిరిగితే పెరాక్సైడ్లు ఉన్నట్టు, ఆ సీసాను వేడి మీద పెట్టకూడదు.

వేరే ఆల్కహాల్ తీసుకుంటే

తృతీయ ఆల్కహాల్‌కు సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం, 85 డిగ్రీల వేడి చాలు. ఇథనాల్ లాంటి ప్రథమ ఆల్కహాల్‌కు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, 180 డిగ్రీల దాకా వేడి కావాలి. 140 దగ్గరే ఆపితే ఇథిలీన్ బదులు డైఇథైల్ ఈథర్ వస్తుంది. ఈ తేడా అంతా మధ్యలో కార్బోకాటయాన్ (ధనావేశం మోసే కార్బన్ ఉన్న అయాన్) ఎంత సులువుగా ఏర్పడుతుందన్న దాని మీద ఆధారపడింది. ప్రథమ ఆల్కహాల్‌లో అది ఏర్పడదు, నీరు పోవడం, హైడ్రోజన్ పోవడం ఒకేసారి జరగాలి.

కార్బోకాటయాన్ ఏర్పడే చోట ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. పక్క కార్బన్ నుంచి హైడ్రైడ్ గానీ మిథైల్ గానీ జరిగితే ఇంకా స్థిరమైన కాటయాన్ వస్తుందంటే అది జరిగి తీరుతుంది. 3,3-డైమిథైల్-2-బ్యుటనాల్‌ను ఆమ్లంతో కాచితే ప్రధానంగా వచ్చేది 2,3-డైమిథైల్-2-బ్యుటీన్, కార్బన్ల అమరికే మారిపోతుంది. అమరిక చెడకూడదనుకుంటే ఆమ్లం వదిలి, పిరిడీన్‌లో ఫాస్ఫరస్ ఆక్సీక్లోరైడ్‌తో సున్నా డిగ్రీల దగ్గర చేయాలి, అక్కడ కాటయాన్ ప్రసక్తి ఉండదు.

2-మిథైల్‌సైక్లోహెక్సనాల్ ఈ విషయంలో మంచి పాఠం చెబుతుంది. సేట్జెఫ్ నియమం ప్రకారం ఎక్కువ ప్రతిక్షేపాలున్న 1-మిథైల్‌సైక్లోహెక్సీన్ ఎక్కువగా రావాలి, వస్తుంది కూడా. 3-మిథైల్‌సైక్లోహెక్సీన్ కొంత తోడొస్తుంది. అంతా ఒకే కాటయాన్ గుండా నడిస్తే ఈ రెండింటి నిష్పత్తి మొదటి చుక్క నుంచి చివరి చుక్క దాకా ఒకేలా ఉండాలి. సిస్ (రెండు సమూహాలూ వలయానికి ఒకే ముఖాన), ట్రాన్స్ (ఎదురెదురు ముఖాల్లో) మిశ్రమంతో మొదలుపెట్టి, స్వేదనాన్ని మూడు నాలుగు భాగాలుగా పట్టి గ్యాస్ క్రొమటోగ్రఫీ చేస్తే అలా ఉండదు. మొదటి భాగాల్లో 1-మిథైల్ ఎక్కువ, పోనుపోను 3-మిథైల్ వాటా పెరుగుతుంది. మరిగే స్థానాల వల్ల అనుకుందామా అంటే అవి దానికి ఎదురు చెబుతాయి: 3-మిథైల్ 104 దగ్గర, 1-మిథైల్ 110 దగ్గర మరుగుతాయి. సిస్ ఐసోమర్ వేగంగా, ఎక్కువగా 1-మిథైల్ ఇస్తూ ముందు అయిపోతుంది, వెనకబడిన ట్రాన్స్ ఐసోమర్ వేరే నిష్పత్తిలో ఇస్తుంది. 1994లో డేవిడ్ టాడ్ దీనికి ఎవెలిన్ ఎఫెక్ట్ అని పేరు పెట్టాడు. విద్యార్థులతో చేయించడానికి సైక్లోహెక్సనాల్ కన్నా ఇదే ఆసక్తికరం, క్రొమటోగ్రఫీ ఉంటేనే సుమా.

హాలైడ్ నుంచి క్షారంతో

ఇక్కడ క్షారం ఎంపికే అన్నీ నిర్ణయిస్తుంది. సజల పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ప్రతిక్షేపణ జరిగి ఆల్కహాల్ వైపు పోతుంది, ఆల్కహాలిక్ పొటాషియం హైడ్రాక్సైడ్‌లో, వేడి మీద విలోపనం జరిగి ఆల్కీన్ వస్తుంది. సోడియం ఇథాక్సైడ్‌తో 2-బ్రోమోబ్యుటేన్ దాదాపు 81 శాతం 2-బ్యుటీన్, 19 శాతం 1-బ్యుటీన్ ఇస్తుంది. 2-బ్రోమో-2-మిథైల్‌బ్యుటేన్‌తో ఇథాక్సైడ్ వాడితే సేట్జెఫ్ ఆల్కీన్ 70 శాతం దాకా వస్తుంది. అదే హాలైడ్‌కు పొటాషియం టెర్షియరీ బ్యుటాక్సైడ్ వాడితే నిష్పత్తి తిరగబడి, చివరి ద్విబంధమున్న ఆల్కీన్ 72 శాతం దాకా వస్తుంది. లావుపాటి ఆ క్షారం లోపలి హైడ్రోజన్ దాకా చేరలేక, అందుబాటులో ఉన్న మిథైల్ హైడ్రోజన్‌ను లాగేస్తుంది.

వలయాల్లో ఇంకో నిబంధన: హైడ్రోజన్, హాలోజన్ రెండూ అక్షీయ (వలయానికి నిలువుగా నిలిచే) స్థానాల్లో, ఒకటి పైకి ఒకటి కిందికి ఉండాలి. నియోమెంథైల్ క్లోరైడ్‌లో క్లోరిన్ సహజంగానే అక్షీయంగా ఉంటుంది, చర్య చకచకా సాగుతుంది. మెంథైల్ క్లోరైడ్‌లో వలయం మొత్తం తిరగబడి ఇబ్బందికరమైన రూపంలోకి వెళితే తప్ప కుదరదు, సుమారు 200 రెట్లు నెమ్మది. పైగా సేట్జెఫ్ వైపు సరైన హైడ్రోజన్ లేక 2-మెంథీన్ ఒక్కటే వస్తుంది. నియమం గుర్తుపెట్టుకుని రూపం గీయనివాళ్లు ఈ ప్రశ్నలో తప్పకుండా మార్కులు పోగొట్టుకుంటారు.

పరీక్షలు

నాలుగు పరీక్షనాళికలు తీసుకోండి: మీ సైక్లోహెక్సీన్, సైక్లోహెక్సనాల్, టోలీన్, ఏమీ కలపని ద్రావణి. పోల్చడానికి పక్కన ఏమీ లేకుండా రంగు పోయిందని రాస్తే ఆ ఫలితానికి విలువ లేదు.

బ్రోమిన్ పరీక్ష: ఒక మి.లీ. డైక్లోరోమీథేన్‌లో రెండు చుక్కల నమూనా, దానికి అదే ద్రావణిలో 2 శాతం బ్రోమిన్‌ను చుక్కచుక్కగా. సైక్లోహెక్సీన్‌లో ఎరుపు గోధుమ రంగు పడ్డచోటే మాయమవుతుంది. వెలుతురులో ఎక్కువసేపు ఉంచితే టోలీన్ కూడా రంగు పోగొడుతుంది, కానీ అది ప్రతిక్షేపణ. నాళిక మూతి దగ్గర తడి నీలి లిట్మస్ పట్టండి, ఎర్రబడితే హైడ్రోజన్ బ్రోమైడ్ వస్తోందన్నమాట, ఆల్కీన్ అని రాయకూడదు. చేతికి బ్రోమిన్ తగిలితే కాలి పుండవుతుంది. సోడియం థయోసల్ఫేట్ ద్రావణం ముందే కలిపి పక్కన పెట్టుకుని మొదలుపెట్టండి.

బేయర్ పరీక్ష: ఒక మి.లీ. ఎసిటోన్‌లో రెండు చుక్కల నమూనా, 1 శాతం పొటాషియం పర్మాంగనేట్ చుక్కచుక్కగా, చల్లగా. ఊదా రంగు పోయి గోధుమరంగు మాంగనీస్ డైఆక్సైడ్ మడ్డి రావాలి. ఒక నిమిషం లోపు జరిగిందే లెక్క. ఆలస్యంగా ఆల్కహాల్ కూడా ఆక్సీకరణం చెందుతుంది, ఆల్డిహైడ్లు, ఫినాల్‌లు, అనిలీన్ అయితే వెంటనే రంగు పోగొడతాయి. ఎలక్ట్రాన్లు లాక్కునే సమూహాలు చుట్టూ ఉన్న ఆల్కీన్లు బ్రోమిన్‌తో కదలకుండా పర్మాంగనేట్‌తో మాత్రం స్పందిస్తాయి, అందుకే రెండు పరీక్షలూ చేయాలి.

సంకలన చర్యలు: ఎటువైపు, ఏ ముఖం

సైక్లోహెక్సీన్‌కు బ్రోమిన్ కలిస్తే వచ్చేది ట్రాన్స్-1,2-డైబ్రోమోసైక్లోహెక్సేన్ మాత్రమే. మధ్యలో బ్రోమోనియం వలయం ఒక ముఖాన్ని కప్పేస్తుంది, రెండో బ్రోమైడ్ వెనక నుంచి రావాల్సిందే. బ్రోమిన్ నీటితో చేస్తే వెనక నుంచి వచ్చేది ఎక్కువగా నీరే, బ్రోమోహైడ్రిన్ వస్తుంది. ద్విబంధాన్ని వదిలేసి పక్క కార్బన్ మీద బ్రోమిన్ పెట్టాలంటే ఎన్‌బీఎస్ (ఎన్-బ్రోమోసక్సినిమైడ్), కొద్దిగా పెరాక్సైడ్ గానీ వెలుతురు గానీ కావాలి, 3-బ్రోమోసైక్లోహెక్సీన్ వస్తుంది. అక్కడ బ్రోమిన్ గాఢత ఎప్పుడూ అతి తక్కువగా ఉండటమే కిటుకు.

హైడ్రోజన్ బ్రోమైడ్‌ను 1-మిథైల్‌సైక్లోహెక్సీన్‌కు కలిపితే మార్కోవ్నికాఫ్ నియమం ప్రకారం బ్రోమిన్ మిథైల్ ఉన్న కార్బన్‌కు చేరుతుంది. సీసా పాతదైతే ఫలితం తిరగబడవచ్చు. 1933లో ఖరాష్, మేయో అల్లైల్ బ్రోమైడ్‌తో పని చేస్తూ తేల్చింది సరిగ్గా ఇదే: గాలి తగిలిన నమూనాలోని పెరాక్సైడ్లు చర్యను ఫ్రీ రాడికల్ దారి పట్టిస్తాయి, హైడ్రోజన్, బ్రోమిన్ స్థానాలు తారుమారవుతాయి. హైడ్రోజన్ క్లోరైడ్, హైడ్రోజన్ అయొడైడ్‌లతో ఈ తిరగబాటు జరగదు. కాబట్టి ఈ చర్యకు అప్పుడే స్వేదనం చేసిన ఆల్కీన్ తీసుకోండి.

1-మిథైల్‌సైక్లోహెక్సీన్‌కు నీరు కలపడానికి రెండు దారులున్నాయి. సజల ఆమ్లంతో 1-మిథైల్‌సైక్లోహెక్సనాల్ వస్తుంది. సున్నా డిగ్రీల దగ్గర టెట్రాహైడ్రోఫ్యూరాన్‌లో బోరేన్ కలిపి, ఆ తర్వాత సోడియం హైడ్రాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వేస్తే ట్రాన్స్-2-మిథైల్‌సైక్లోహెక్సనాల్ వస్తుంది. బోరాన్, హైడ్రోజన్ ఒకే ముఖం నుంచి ఒకేసారి చేరతాయి కాబట్టి మిథైల్, హైడ్రాక్సిల్ ఎదురెదురు ముఖాల్లో మిగులుతాయి. ఈ పద్ధతి కనిపెట్టిన హెచ్.సి. బ్రౌన్‌కు 1979లో నోబెల్ వచ్చింది, అదే ఏడాది ఆయనతో పంచుకున్న విట్టిగ్ పని కూడా ఆల్కీన్ల తయారీయే. చేసేటప్పుడు క్షారం ముందు, పెరాక్సైడ్ తర్వాత, అదీ ఐస్‌లో ఉంచి చుక్కచుక్కగా. వేడి బాగా పుడుతుంది.

సైక్లోహెక్సీన్ మీద రెండు హైడ్రాక్సిల్‌లు కావాలంటే ఏ ముఖాల్లో కావాలో ముందే తేల్చుకోండి. చల్లని, విలీన, క్షార పర్మాంగనేట్ గానీ ఆస్మియం టెట్రాక్సైడ్ గానీ సిస్ డయోల్ ఇస్తాయి. పెరాసిడ్‌తో ఎపాక్సైడ్ చేసి, ఆమ్లం కలిపిన నీటితో తెరిస్తే ట్రాన్స్ డయోల్. పర్మాంగనేట్ వేడెక్కితే డయోల్ దగ్గర ఆగదు, వలయం తెగి అడిపిక్ ఆమ్లం దాకా పోతుంది.

ఆ అడిపిక్ ఆమ్లమే కావాలనుకుంటే పర్మాంగనేట్ మడ్డితో కుస్తీ పట్టనక్కర్లేదు. 1998లో నొయోరి బృందం చూపిన దారి ప్రయోగశాలలో చక్కగా పనిచేస్తుంది. 50 మి.లీ. ఫ్లాస్కులో సోడియం టంగ్‌స్టేట్ డైహైడ్రేట్ 0.5 గ్రాము, అలిక్వాట్ 336 (నీటి పొర, ఆల్కీన్ పొర మధ్య చర్య నడిపే ఉత్ప్రేరకం) అర గ్రాము, 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 12 గ్రాములు, పొటాషియం బైసల్ఫేట్ 0.37 గ్రాము వేసి కలిపి, 2 గ్రాముల సైక్లోహెక్సీన్ చేర్చండి. గట్టిగా తిప్పుతూ గంటసేపు రిఫ్లక్స్ చేయాలి. తిప్పడం నెమ్మదిస్తే నీటి పొర, ఆల్కీన్ పొర వేటికవే ఉండిపోయి చర్య నిలిచిపోతుంది. కండెన్సర్ గోడల మీద సైక్లోహెక్సీన్ చుక్కలు ఆగితే కొద్దిగా నీళ్లతో కిందికి కడగండి. వేడిగా ఉండగానే ద్రావణాన్ని పిపెట్‌తో బీకర్‌లోకి తీసుకోండి, జిడ్డుగా విడిపోయే అలిక్వాట్‌ను వెనకే వదిలేయండి. ఐస్‌లో పెడితే తెల్లటి స్ఫటికాలు దిగుతాయి. వేడి నీటి నుంచి మళ్లీ స్ఫటికీకరిస్తే 152 డిగ్రీల దగ్గర కరగాలి. పూర్తి దిగుబడి 3.56 గ్రాములు. స్ఫటికాలు జిడ్డుగా ఉండి తక్కువలో కరిగితే అలిక్వాట్ వెంట వచ్చిందని అర్థం. 30 శాతం పెరాక్సైడ్ చర్మాన్ని తెల్లగా కాల్చేస్తుంది, గ్లవ్స్, కళ్లద్దాలు తీయొద్దు. ఈ పరిమాణాలను పెంచి చేయడం కూడా వద్దు.

మిగిలినవాటి సంగతి: చల్లారిన ఫాస్ఫారిక్ ఆమ్లపు అడుగును మెల్లగా నీళ్లలోకి పోసి సోడాతో తటస్థం చేయండి. బ్రోమిన్ నాళికల్లో రంగు పోయేదాకా థయోసల్ఫేట్ పోసి, హాలోజన్ వ్యర్థాల డబ్బాలో వేయండి. సైక్లోహెక్సీన్ తగిలినవేవీ సింకులో పోయకూడదు. పర్మాంగనేట్ నాళికల గోధుమ మరక సబ్బుతో పోదు, కొద్దిగా ఆక్జాలిక్ ఆమ్ల ద్రావణం పోసి కదిపితే పోతుంది.